విగ్రహమా, ప్రతిమా, బొమ్మా?

ఒక వ్యాసం రాస్తూ మాట దగ్గర ఆగిపోయాను. మెక్సికోలో కంపెచే తీరాన్ని ఆనుకుని హైనా అనే చిన్న దీవి ఉంది (జంతువు కాదండోయ్!). సుమారు క్రీ.శ. 600–900 మధ్య అక్కడి మాయా జనం (‘మాయా’ అనేది అక్కడి ప్రాచీన నాగరికత పేరు), చనిపోయినవాళ్లను పాతిపెట్టేటప్పుడు కాల్చిన మట్టితో చేసిన చిన్న రూపాలను తోడు ఉంచేవాళ్లు. ఎక్కువభాగం జానెడు ఎత్తే. కొన్నిటిని చేతుల్లో పెట్టేవాళ్లు, కొన్నిటిని గుండెల మీద. మగ్గం నేసే ఆడవాళ్లు, బంతాటగాళ్లు, యోధులు... చాలావాటిలో ఈల కూడా ఉంటుంది, ఊదితే మోగుతుంది.

‘విగ్రహాలు’ అని రాస్తే మనసొప్పలేదు. ‘ప్రతిమలు’ మరీ పాఠ్యపుస్తకంలా ఉంది. ‘బొమ్మలు’ అంటే పిల్లలవి అనుకుంటారేమోనని టెన్షన్. మీరైతే ఏమంటారు?

— బొమ్మ అనే రాయండి. విగ్రహం అంటే గుళ్లో దేవుడో, కూడలిలో నాయకుడో గుర్తొస్తారు. మగ్గం ముందు కూర్చున్న ఆవిడకు ఆ మాట నప్పదు. అయినా బొమ్మ అంటే ఆడుకునేదే అని ఎవరన్నారు? దిష్టిబొమ్మతో ఎవరాడతారు? ‘బొమ్మా బొరుసా’లో ఉన్నది నాణెం మీది ముద్ర. పిల్లలవాటికి ‘ఆటబొమ్మ’ ఉండనే ఉంది.

— నాకెందుకో చావు దగ్గర బొమ్మ అంటే తేలికగా వినిపిస్తోంది.

— బొమ్మల కొలువు తేలికా? గ్వాటెమాలాలో ఎల్ పెరూ-వాకా అనే చోట 2006లో ఒక రాచసమాధి బయటపడింది. అందులో 23 మట్టిబొమ్మలు. చిందరవందరగా పడేసినవి కావు; రాజు, రాణి, పరివారం, అందరినీ వలయంగా కూర్చి పెట్టారు. మన పండగకూ దానికీ సంబంధం లేదు గానీ, కొలువు అంటే అసలు రాజసభే కదా! ఇంతకన్నా సరిపోయే మాట నాకు తట్టడం లేదు.

— ఒక్క జాగ్రత్త. ‘మాయా బొమ్మలు’ అని మాత్రం రాయకండి, మంత్రాల బొమ్మలు అనుకుంటారు. ‘టెర్రకోట’ కూడా అక్కర్లేదు. ఆ ఇటాలియన్ మాటకు అర్థం కాల్చిన మట్టే.

— అందరికీ థాంక్స్. ‘మాయా జనం మట్టిబొమ్మలు’ అని మార్చాను. సమాధిలోని ఆ 23కి ‘కొలువు’ ఖాయం. మోగేవాటికి ‘ఈలబొమ్మ’ అని పెట్టాను. అభ్యంతరాలుంటే రేపు సాయంత్రంలోగా చెప్పండి, ఆ తర్వాత పంపించేస్తాను.