మన పత్తి రేటు గురించి ఎవరిని అడగాలి?

పరకాల రైతుబిడ్డ:
మొన్న నాన్నతో ఎనుమాముల యార్డుకు పోయాను. ఖరీదుదారు బస్తాలోంచి గుప్పెడు పత్తి తీసి, పింజ లాగి చూసి, తేమ ఉందన్నాడు. అది సరే. "అమెరికాలోనే రేటు లేదమ్మా, నేనేం చేయను" అని కూడా అన్నాడు. నాన్న మారు మాట్లాడలేదు. చేను మాది, అప్పు మాది. రేటు ఎక్కడో తేలుతుంది. అక్కడివాళ్లను అడిగే దారే లేదా? ప్రపంచ వాణిజ్య సంస్థ ఉన్నది దేనికి?

రిటైర్డ్ లెక్చరర్, హన్మకొండ:
అడిగినవాళ్లు ఉన్నారమ్మా. అమెరికా పత్తి సబ్సిడీల మీద 2002లో బ్రెజిల్ ఆ సంస్థలోనే కేసు వేసి గెలిచింది. ఆ సబ్సిడీల వల్ల ప్రపంచ మార్కెట్‌లో దూది ధర అణిగిపోయిందని తీర్పు వచ్చింది. అమెరికా వెంటనే దారికి రాలేదు. మీ సరుకుల మీద సుంకాలు వేస్తామని బ్రెజిల్ పట్టుబట్టాక, చివరికి 2014లో 30 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది.

2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి కూడా అడిగాయి. సబ్సిడీలు ఎత్తేయండి, అందాకా మాకు నష్టపరిహారం కట్టండి అన్నాయి. పరిహారం రాలేదు. ఆ దేశాలు సుంకం వేసినా అమెరికాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. తీర్పు ఇచ్చేది సంస్థ, అమలు చేయించుకోవాల్సింది మాత్రం గెలిచినవాడు. బలం లేనివాడు గెలిచి ఏం లాభం?

ఇప్పుడు అదీ లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబర్ నుంచి ఆ సంస్థ అప్పీళ్ల బెంచి మూతపడింది. ఓడిన దేశం అప్పీలు వేస్తే చాలు, కేసు అక్కడే ఆగిపోతుంది.

జమ్మికుంట జిన్నింగ్:
సార్, జెనీవాలో ఉన్న ఆ సంస్థ దాకా ఎందుకు? 2025 ఆగస్టులో దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం తీసేసింది మన ఢిల్లీయే కదా. డిసెంబర్ ఆఖరు దాకా పొడిగించారు. మన దగ్గర పత్తి ఏరి యార్డుకు తెచ్చే నెలలవి.

రిటైర్డ్ లెక్చరర్, హన్మకొండ:
నిజమే తమ్మీ, ఆ తప్పు ఢిల్లీదే. కానీ అదే నెలలో అమెరికా మన సరుకులు చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచింది. బట్టల మిల్లులకు ఊరటని ఇక్కడ సుంకం ఎత్తేశారు, భారం రైతు మీద పడింది. అందుకే ప్రపంచ వాణిజ్య సంస్థలో రెండు మార్పులు అడగాలంటాను. అప్పీళ్ల బెంచి మళ్లీ నడవాలి. ఓడిన దేశం నష్టపోయిన పేద దేశానికి నగదు కట్టాలి.

పరకాల రైతుబిడ్డ:
సార్, ఈ రెండో మాట మన ఎంపీకి రాసి పంపుతాను. మద్దతు ధర గురించి అడిగే కాగితంలోనే ఇదీ పెడతాను.