సమస్య: «మాట లేని వాడె మాటకారి»

నిర్వాహకులు: పూరణలన్నీ డిటెక్టివ్ షెర్లాక్ హోమ్సు వేషం కట్టిన నటుల మీదే ఉండాలి. ఎవరి హోమ్సు మేలో పద్యమే తేల్చాలి.

వల్లరి:
మూకి చిత్రమందు ముఖమునె మార్చెను
నలువదైదు కథల నార్వుడతడు;
కనులతోడ బొమల కదలికతో జెప్పె
మాట లేని వాడె మాటకారి.

పైపుపొగ: «నార్వుడతడు» విరుపు అమోఘం! ఐలీ నార్వుడ్ 1921-23 మధ్య చేసిన చిన్న చిత్రాలు సరిగ్గా 45. రెండు పెద్ద చిత్రాలు వేరే ఉన్నాయి, వాటిని «కథల»లో కలపకపోవడమే మంచిదైంది. మారువేషాల్లో ఆయనకు ఆయనే సాటి కాబట్టి «ముఖమునె మార్చెను» పాదపూరణం కోసం వేసింది కాదు.

సూర్యగణం: మూడో పాదం నాకు నచ్చలేదు. మూకీల్లో సంభాషణ తెరమీద అక్షరాల్లో పడుతుంది. అంతా కనుబొమలే చెప్పాయనడం అతిశయోక్తి. నార్వుడ్‌ది తప్పనిసరి మౌనం. కావాలని మాట ఆపిన హోమ్సు జెరెమీ బ్రెట్ ఒక్కడే. ఇదిగో:

బ్రెట్టు నోరు మూయ బెదరును దోషియే
వేలు కదలగానె వెలుగు జాడ;
పెదవి చివర నవ్వు విరిసినంతనె మాయ
మాట లేని వాడె మాటకారి.

వల్లరి: పెదవి పాదంలో పె-వి యతా? మొదటి అక్షరానికి ఆ రెండోది పొంతన కుదురుతుందా?

నిర్వాహకులు: పఫబభవలు చెల్లుతాయమ్మా, వదిలేయండి. ఆ అరక్షణపు నవ్వును పట్టుకోవడమే ఈ పద్యానికి ప్రాణం. 1984 నుంచి 1994 దాకా వచ్చిన 41 టీవీ భాగాల్లో ఎక్కడ చూసినా అది కనిపిస్తుంది: పెదవి ఒక పక్కకు లాగి, కళ్లదాకా చేరకముందే ఆపేస్తాడు.

వల్లరి: నవ్వు సరే. మొన్న సూర్యగణం గారు మరో హోమ్సు బాసిల్ రాత్‌బోన్ మీది పద్యంలో ఆయన పద్నాలుగు చిత్రాల కథలనూ రెండో ప్రపంచ యుద్ధకాలంలో పడేశారు, దాని సంగతేమిటి? 1939లో వచ్చిన రెండింటి కథా విక్టోరియా కాలానిది. 1942 నుంచి యూనివర్సల్ తీసిన పన్నెండే సమకాలీనం. అప్పుడెవరూ అడగలేదు.

సూర్యగణం: ఆ పద్యంలో నేను చెప్పింది హోమ్సు మిత్రుడు వాట్సన్ గురించి. నైజెల్ బ్రూస్‌ను తెలివితక్కువ వాట్సన్‌గా చూపడంతో రాత్‌బోన్ ప్రతి ఊహనూ నోరారా విప్పి చెప్పాల్సి వచ్చింది. బ్రెట్ పక్కన బర్క్, ఆ తర్వాత హార్డ్‌విక్ బుద్ధిమంతులైన వాట్సన్లు. అందుకే అక్కడ మౌనం పండింది.

పైపుపొగ: ఈ మాట ముందే చెబితే ఈ గొడవ సగం తప్పేది. నా వంతుకు కంబర్‌బ్యాచ్:

తప్పటంచు ఫోను తెరలెల్ల మోగంగ
పోలిసయ్య మోము పొగిలిపోయె;
కంబరెచట? గదిని గళమైన పలుకదు
మాట లేని వాడె మాటకారి.

వల్లరి: భావం అందరికన్నా మిన్న! 2010లో వచ్చిన బీబీసీ «షెర్లాక్» మొదటి భాగంలో విలేకరుల సమావేశం అది. మనిషి గదిలో లేకుండానే పోలీసు అధికారి లెస్ట్రేడ్ మాటకు ఫోన్లలో సందేశాలు అడ్డం పడతాయి. కానీ మొదటి పాదంలో త-తె! యతి పోయింది.

సూర్యగణం: «తప్పటంచు ఫోన్ల దాకె సందేశాలు» అంటే సరిపోతుంది. తెరలు మోగవు కూడాను.

పైపుపొగ: తీసుకున్నాను. వల్లరి గారికి మాత్రం ఒక ప్రశ్న. బీబీసీ రేడియోలో 1989-98 మధ్య నాలుగు నవలలూ 56 కథలూ చేసిన క్లైవ్ మెరిసన్‌ను ఈ సమస్యలో ఎలా ఇరికిస్తారు? ఆయనకున్నదంతా మాటే కదా.

వల్లరి: ఇరికించను. ఆయనకు «మోము లేని వాడె» అని వేరే సమస్య ఇవ్వాలి. నిర్వాహకులు ఇస్తే రేపే పూరిస్తాను, ఈసారి పె-వి జోలికి పోకుండా.