అమ్మకి కనురెప్ప ఆపరేషన్ అయ్యింది, నిద్రలో కన్ను పూర్తిగా మూతపడట్లేదు

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పై రెప్పలు జారిపోయి చూపుకి అడ్డమొస్తుంటే పోయిన వారం అమ్మకి కాకినాడలో ఆపరేషన్ చేయించాం. టోసిస్ అన్నారు. రెప్పనెత్తే కండరాన్ని బిగించి కుట్టారు.

వాపు తగ్గుముఖం పట్టింది. తల కింద రెండు దిళ్లు పెట్టే పడుకోబెడుతున్నాం. నా బెంగల్లా ఒక్కటే. నిద్రపట్టాక కుడికన్ను రెప్పల సందులోంచి తెల్లగుడ్డు సన్నటి గీతలా కనబడుతోంది. కొన్నాళ్లు ఇలా ఉండటం మామూలేనని, నల్లగుడ్డు ఎండిపోకుండా పగలు చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంటు వెయ్యమని డాక్టరుగారు ముందే చెప్పారు. వేస్తున్నాం. అయినా తెల్లారేసరికి ఇసక పడ్డట్టు గరగరలాడుతోందంటోంది. ఫ్యాను గాలికేమో అని నా అనుమానం. ఈ ఉక్కపోతలో ఆపేస్తే చెమట కుట్ల మీదకి కారుతుంది. మీరెలా సర్దుకున్నారు? ఫ్యాను కాళ్లవైపు తిప్పితే సరిపోయిందా, కంటికి ప్లాస్టిక్ షీల్డు పెట్టారా?

అమ్మ కుదురుగా కూర్చోదు. పొద్దున్నే వంగి వాకిలి ఊడుస్తానంటుంది, కొబ్బరి డొక్కలు పెట్టి నీళ్లపొయ్యి రాజేస్తానంటుంది. ఆ పొగకి మంచి కళ్లే మండుతాయి! పక్కింటి పిన్నిగారేమో నందివర్ధనం పూల రసం పిండమంటున్నారు. ఆవిడ ప్రేమ కొద్దీ చెప్పినా, కుట్లున్న కంట్లో అలాంటివి వెయ్యనివ్వను.

చూపు మసకబారినా, నొప్పి ఉన్నట్టుండి పెరిగినా, చీము పట్టినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలని తెలుసు. ఎల్లుండి కుట్లు విప్పించాలి. కాకినాడ వెళ్లే దారిలో ఎదుర్లంక వంతెన మీద గాలి జోరుగా ఉంటుంది, నల్లకళ్లజోడు చాలంటారా? మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయ్యుంటే, రెప్ప పూర్తిగా మూతపడటానికి ఎన్నాళ్లు పట్టిందో దయచేసి చెప్పండి.