పాత స్పీకర్లకు ఏ ఆంప్లిఫయర్ తీసుకోమంటారు?

మాది విజయనగరం. పెదనాన్నగారు ఇచ్చిన పాత స్పీకర్ల జత ఉంది: 8 ఓమ్‌లు, 30 వాట్లు. ఎల్‌పీ రికార్డులు వినడానికి, ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్‌ను నేరుగా కలిపేది) ఉన్న వాడిన ఆంప్లిఫయర్ 10,000 రూపాయల లోపు వెతుకుతున్నాను.

గంటస్తంభం వైపు రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గర ఒకటి ఉంది. వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది. దుమ్మేనట, శుభ్రం చేస్తే పోతుందంటున్నారు. అది నమ్ముతాను. కానీ వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా స్పీకర్లలో సన్నని హోరు వస్తోంది. లోపల కరెంటును నిలకడగా ఉంచే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయంటారా? మార్పిస్తే ఎంతవుతుంది?

విశాఖలో చూసిన జపాన్ సెట్టు శుభ్రంగా ఉంది గానీ 100 వోల్టులది. మన ఇంటి కరెంటుకు వాడాలంటే వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కొనాలి. 1978లో వచ్చిన నాడ్ 3020 ఆంప్లిఫయర్ దొరికితే, దాని 20 వాట్లు మామూలు హాలుకు చాలవా? హోమ్ థియేటర్ రిసీవర్ కొనమని మాత్రం చెప్పకండి, మా తమ్ముడు రోజూ చెబుతూనే ఉన్నాడు.