యోవేలు 2:13లో ‘చింపుకొని’: లెంట్ ధ్యాన పుస్తకం మొదటి పేజీకి

స్త్రీల మైత్రి కార్యదర్శి:
అందరికీ వందనాలండి. ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలం లెంట్. అది మొదలయ్యే భస్మ బుధవారం 2027లో ఫిబ్రవరి 10న వస్తోంది. అక్కణ్ణుంచి ఈస్టర్‌కు ముందటి మట్టల ఆదివారం లోపు ఆరు శుక్రవారాలున్నాయి. ఆరాధన అయ్యాక గంటసేపు 15 మందిని కూర్చోబెట్టి, రాతా బొమ్మలూ కలిసిన ధ్యాన పుస్తకం చేయించాలని ఉంది. మొదటి పేజీకి “మీ వస్త్రములను కాక మీ హృదయములను చింపుకొని ఆయనతట్టు తిరుగుడి” అనుకున్నాం. దానికి గుర్తుగా కాగితం చింపి, వాక్యం కింద అతికించాలని కూడా. యువతీ యువకులు ‘తట్టు’ దగ్గర తలుపు తట్టడం అనుకుంటున్నారు. ‘హృదయం చింపుకోవడం’ అంటే ఏం చెప్పాలి? ‘విరిగి నలిగిన హృదయం’ అన్నా అదేనా?

తెలుగు మాస్టారు:
వందనాలమ్మా. ‘తట్టు’ అంటే వైపు. రాయలసీమలో ‘ఆ తట్టు పో’ అని ఇప్పటికీ అంటారు, తెలంగాణ వాళ్లకైతే ‘దిక్కు’ అని చెప్పండి. దానికి అర నిమిషం చాలు.

ఆగాల్సింది ‘చింపుకొని’ దగ్గర. దుఃఖం వస్తే బట్టలు చింపుకోవడం ఆనాటి ఆచారం. యోసేపు చనిపోయాడనుకుని యాకోబు చేసిందీ అదే (ఆదికాండము 37). బట్ట చింపుకుంటే నలుగురూ చూస్తారు, హృదయం చింపుకుంటే ఎవరూ చూడరు. ప్రవక్త అడిగేది ఆ రెండోది. ‘కొను’ చేరడంతో అది ఎవరిది వారు, చేతులారా చేసుకునే పని అయింది. కీర్తన 51:17లో ‘విరిగి నలిగిన’ అలా కాదు. విరగడం, నలగడం మనకు జరిగేవి. రెండూ ఒకటేనని చెబితే పశ్చాత్తాపం కాస్తా బాధగా మారిపోతుంది.

మూడో క్రియ కూడా మీకు పనికొస్తుంది. మత్తయి 27:51లో దేవాలయపు తెర “పైనుండి క్రిందివరకు రెండుగా చినిగెను”. చింపినవారెవరో వాక్యం చెప్పదు, పైనుంచి మొదలైందని మాత్రం చెబుతుంది. మొదటి శుక్రవారం ‘చింపుకొని’, నాలుగోవారం ‘విరిగి నలిగిన’, ఆరోవారం ‘చినిగెను’ పెట్టండి. మధ్యవారాలకు వేరే వాక్యాలు వెతక్కండి. గడిచిన పేజీలు నింపుకోవడానికే ఆ గంట సరిపోదు.

సండేస్కూల్ టీచరు:
మాస్టారూ, ‘తిరుగుడి’ని ‘తిరగండి’ అని రాయిస్తే పిల్లలకు తేలిక కదండీ?

తెలుగు మాస్టారు:
వాక్యం చేతిలో ఉన్న బైబిల్లో ఎలా ఉందో అలాగే రాయించండి. ఒకరు ‘తిరగండి’, ఒకరు ‘తిరుగుడి’ అంటే కలిసి చదివేటప్పుడు గొంతులు కలవవు. కింద సొంత ప్రార్థన మాత్రం వాడుక భాషలోనే ఉండాలి. గ్రాంథికంలో ప్రార్థన రాయమంటే సగంమంది పెన్ను ఎత్తరు.

అక్షరాలు రాసే పనివారు:
పుస్తకం లెక్క చెబుతాను. భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా ఆదివారాలతో కలిపి 46 రోజులు. ఏ4 కార్ట్రిడ్జ్ కాగితాలు (బొమ్మలు వేసే మందపాటివి) 12 సగానికి మడిస్తే 48 పేజీలు: రోజుకొకటి, ముందు పేరుకొకటి, వెనక ఒకటి. 15 మందికి 180 కాగితాలు, పాడయ్యేవాటికి మరో 20. 130–150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) బాగుంటుంది. పన్నెండూ ఒకే మడత చేస్తే లోపలి కాగితాలు అంచు దాటి బయటికి పొడుచుకొస్తాయి. నాలుగేసి చొప్పున మూడు మడతలు చేసి, దారంతో కుట్టండి.

బైబిల్లోనే బొమ్మలు వేస్తామని కొందరు అంటారు, వద్దనండి. ఆ పలచని కాగితం మీద స్కెచ్ పెన్ను పెడితే వెనక పేజీ వాక్యం మీదికి దిగుతుంది.

తెలుగు అక్షరాలకు ఇంగ్లీషు కొలతతో గీతలు గీస్తే చెడుతుంది. ‘వస్త్రములను’ చూడండి: స కింద త వత్తు, దానికి తోడు ర వత్తు. చోటు వదలకపోతే అవి కింది వరుసలోని గుడులకు తగులుతాయి. అక్షరం 8 మిల్లీమీటర్లు, పైన 4, కింద 10 వదలండి. వరుసకు 22. ‘మీ వస్త్రములను / కాక / మీ హృదయములను / చింపుకొని / ఆయనతట్టు / తిరుగుడి’ అని ఆరు వరుసలు చేస్తే 132 అవుతుంది. ఏ4 మడిస్తే వచ్చే ఏ5 పేజీ ఎత్తు 210 కాబట్టి, చింపిన కాగితం అతికించడానికి కింద 78 మిగులుతుంది. ముందు పెన్సిల్‌తో రాయించి, ‘హ్రుదయము’ అని రాశారేమో చూసి, అప్పుడే ఇంకు పెట్టించండి. ఆ తప్పు ఖాయంగా వస్తుంది.

స్త్రీల మైత్రి కార్యదర్శి:
చింపడానికి పాత క్యాలెండర్లు సేకరిస్తున్నాం, సరిపోతాయా అండీ?

సండేస్కూల్ టీచరు:
చూసి తీసుకోండక్కా. మన ఇళ్లలోవి చాలావరకు వాక్యం అచ్చయిన క్యాలెండర్లే. వాక్యం ఉన్న కాగితం చింపితే పెద్దలు ఆ రోజే కార్యక్రమం ఆపించేస్తారు, వాళ్లను తప్పుపట్టలేం కూడా. ఊదా రంగు కాగితం కొనండి, లెంట్ రంగూ అదే. ఇంకోటి: మొదటి పేజీలో తమ పాపాల ఒప్పుకోలు రాస్తారు. అది పైకి చదివించకూడదు, ఫోటో తీయకూడదు. చింపిన ఊదా ముక్కకు ఒక అంచుకే గమ్ స్టిక్ రాసి, రాత మీద తలుపులా అతికించమనండి. ఫెవికాల్ దట్టంగా పూస్తే పేజీ ముడతలు పడి పుస్తకం మూయడం కష్టమవుతుంది.

అక్షరాలు రాసే పనివారు:
కాగితం కొనగానే ఒక మూల నిలువునా, అడ్డంగా చింపి చూడండి. ఒక వైపు తిన్నగా చినుగుతుంది, రెండోవైపు వంకర్లు పోతుంది. కాగితంలో పోగు ఒక దిశగా ఉండటమే కారణం. ‘చింపుకొని’ పేజీకి వంకరగా చినిగే వైపే ఎంచుకోండి, అంచు గరుకుగా వస్తుంది. ఒకవైపే రంగున్న కాగితమైతే రెండు ముక్కల్లో ఒకదానికి తెల్ల అంచు తేలుతుంది, దాన్ని వాడండి. ఆరోవారం తెరకు మాత్రం పోగు నిలువుగా ఉండేలా ముక్కలు ముందే కోసి పెట్టుకోవాలి. లేకపోతే పైనుంచి మొదలుపెట్టిన చీలిక సగంలోనే పక్కకు తిరిగి బయటికి పోతుంది, కిందిదాకా రాదు.