కాలికి రంధ్రాలు, రసిలో తెల్ల రవ్వ: శాంపిల్ ఎట్ల పంపాలె?

పల్లెదవాఖాన_నర్సంపేట:
పత్తి, మిర్చి చేన్లల్ల పనిచేసే మనిషి, 40 ఏండ్లు, బరువు 50 కిలోలు. కుడి పాదం మీద గట్టి వాపు, మూడేండ్ల సంది ఉన్నది. నొప్పి లేదు, జ్వరం లేదు, షుగర్ లేదు. నాలుగైదు రంధ్రాలు, ఒకటి మూసుకుంటే పక్కన ఇంకోటి తెరుచుకుంటది. రసితో పాటు బొంబాయి రవ్వ కంటే సన్నటి తెల్ల పలుకులు వస్తున్నయి. ఊర్లె బోదకాలు అన్నరు, ఇంకోచోట టీబీ అన్నరు. చీము స్వాబ్ కల్చర్‌కు పంపితే రెండో రోజే ‘స్టాఫ్’ (చర్మం మీద మామూలుగ ఉండే బ్యాక్టీరియా) అని రిపోర్టు. నేను మైసిటోమా (మట్టిల ఉండే బ్యాక్టీరియా గానీ ఫంగస్ గానీ చర్మం లోపలికి దిగితే వచ్చే జబ్బు) అనుకుంటున్న. వరంగల్ పంపే ముందు ఇక్కడ ఏ శాంపిల్ తియ్యాలె, ఎందుల పెట్టాలె?

మైక్రో_హన్మకొండ:
మేడమ్, నొప్పిలేని గట్టి వాపు, రంధ్రాలు, గ్రెయిన్స్ (మీరు చెప్పిన పలుకులు) మూడూ ఒక్కచోట ఉంటే ముందు మైసిటోమానే అనుకోవాలె. బోదకాలుకు గ్రెయిన్స్ రావు. ఇక తేలాల్సింది ఒక్కటే, లోపల ఉన్నది బ్యాక్టీరియానా, ఫంగసా అని. మందులు పూర్తిగా వేరు. నల్ల గ్రెయిన్ అయితే ఫంగసే. ఎర్రది సాధారణంగా ఆక్టినోమడ్యూరా పెల్లెటియరీ, అంటే బ్యాక్టీరియా. తెల్లది, పసుపుది రెండిట్ల ఏదైనా కావచ్చు. కంటితో చెప్తే బోల్తా పడతం.

స్వాబ్ దండుగ. రంధ్రం మూతి మీద చేరిన స్టాఫ్ ఒక్క రాత్రిలనే ప్లేటంతా అల్లుకుంటది. మనకు కావాల్సింది గ్రెయిన్ లోపల, లోతుల ఉంటది. సాయంత్రం రంధ్రాల చుట్టూ సెలైన్‌తో కడిగి, పొడి స్టెరైల్ గాజ్ గుడ్డ పెట్టి కట్టండి. బెటడిన్ వద్దు, ఆయింట్‌మెంట్ వద్దు. తెల్లారి గాజ్ గుడ్డకు అంటిన గ్రెయిన్స్‌ను స్టెరైల్ సూదితో ఏరి, 2 మి.లీ. స్టెరైల్ సెలైన్ పోసిన మూత సీసాల వెయ్యండి. పది పదిహేను దొరికితే చాలు. ఇంకా పగలని మెత్తటి బొడిపె ఉంటే అది ముట్టకుండ పెద్ద దవాఖానోళ్లకు వదిలిపెట్టండి, సూదితో అక్కడ లాగిన శాంపిలే అన్నిటికంటే శుభ్రం. బయాప్సీ పెద్ద దవాఖానల చేస్తరు: లోతుగా రెండు ముక్కలు, ఒకటి సెలైన్‌ల, ఒకటి 10 శాతం ఫార్మలిన్‌ల. అలవాటు కొద్దీ రెండూ ఫార్మలిన్‌ల వేస్తే కల్చర్‌కు నీళ్లొదులుకున్నట్టే.

ల్యాబ్‌ల గ్రెయిన్‌ను సెలైన్‌తో మూడు నాలుగు సార్లు కడిగి, రెండు స్లైడ్ల నడుమ నలిపి, ఒకటి 10 శాతం కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్)ల, ఒకటి గ్రామ్ స్టెయిన్ చేసి చూస్తం. కొమ్మలు కొమ్మలుగ ఉన్న గ్రామ్ పాజిటివ్ పోగులు 1 మైక్రాన్‌కు మించని సన్నం ఉంటే బ్యాక్టీరియా. 2 నుంచి 5 మైక్రాన్ల లావు, నడుమ అడ్డగోడలు ఉంటే ఫంగస్. మూడో స్మియర్ (స్లైడ్ మీద పూత) మీదనే ఎక్కువ తప్పులు జరుగుతయి. మామూలు జీల్-నీల్సన్ (టీబీ క్రిమిని చూసే రంగు పరీక్ష)ల 20 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడుగుతరు. నోకార్డియా (మైసిటోమా తెచ్చే ఇంకో బ్యాక్టీరియా) దాన్ని తట్టుకోలేక రంగు వదిలేస్తది, రిపోర్టు నెగెటివ్ వస్తది. 1 శాతం ఆమ్లంతో కడిగితే ఎర్రగ నిలుస్తది. ఆక్టినోమడ్యూరా 1 శాతానికి కూడా నిలవదు.

ఫారం మీద ‘మైసిటోమా అనుమానం, ప్లేట్లు 3 వారాలు ఉంచగలరు’ అని రాయండి. రాయకుంటే 48 గంటలకు తీసిపారేస్తరు, అది మామూలు చీము పద్ధతి. పెరిగితే సుద్దముక్క లెక్క పొడి కాలనీలు వస్తయి. తొలకరి మట్టి వాసన ఇచ్చే సూక్ష్మజీవులు వీటి చుట్టాలే. అట్లని మూత తీసి వాసన చూసెటోళ్లు ఉన్నరు, ఆ పని మాత్రం వద్దు.

చర్మవైద్యం_కాజీపేట:
పైన చెప్పింది నిజం. నేను కలిపేది ఒకటే: శాంపిల్ తీసేదాకా యాంటీబయాటిక్ మొదలుపెట్టొద్దు, టీబీ మందులు అంతకన్నా వద్దు. టీబీ కోర్సుల కొన్ని మందులు ఈ బ్యాక్టీరియాను కొంచెం అణచిపెడతయి. రసి తగ్గుతది, అందరూ సంతోషిస్తరు, ఎముక మాత్రం లోపల్లోపల తినుకుంటూ పోతది. బ్యాక్టీరియా రకం ఫంగస్ రకం కంటే ఎముకలకు తొందరగ దిగుతది కాబట్టి పాదం ఎక్స్‌రే ముందే తీయించండి.

బ్యాక్టీరియా అని తేలితే వెల్ష్ పద్ధతి: అమికాసిన్ రోజుకు కిలోకు 15 మి.గ్రా., రెండు పూటలుగ 21 రోజులు. దాంతోపాటు కోట్రైమోక్సజోల్, రోజుకు కిలోకు ట్రైమెథోప్రిమ్ 7, సల్ఫామెథాక్సజోల్ 35 మి.గ్రా. లెక్కన 35 రోజులు. మీ పేషెంట్‌కు అంటే అమికాసిన్ పూటకు 375 మి.గ్రా., కోట్రైమోక్సజోల్ డీఎస్ (డబుల్ స్ట్రెంత్) గోలీ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇది ఒక సైకిల్, అవసరాన్ని బట్టి మళ్లీ చేస్తరు. రెండోది సవరించిన రామమ్ పద్ధతి: జెంటామైసిన్ 80 మి.గ్రా. రెండు పూటలా, కోట్రైమోక్సజోల్ 320/1600 మి.గ్రా. రెండు పూటలా, 4 వారాలు. తర్వాత డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రెండు పూటలా, కోట్రైమోక్సజోల్ అట్లనే. రంధ్రాలన్నీ మానినంక కూడా 5 నుంచి 6 నెలలు మింగాలె. రంధ్రం మూసుకోంగనే మానేసుడే తిరగబెట్టేదానికి పెద్ద కారణం. ఏ పద్ధతో ఎంచుకునేది స్పెషలిస్టు, ఇంజెక్షన్లు పల్లెల మొదలుపెట్టేవి కావు.

పాదం తీసేయాలన్న మాట ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. బ్యాక్టీరియా రకంల మందే ప్రధానం, సర్జరీ అరుదు.

పల్లెదవాఖాన_నర్సంపేట:
థ్యాంక్స్ సార్. ఈ మనిషి బీపీకి టెల్మిసార్టన్ వేసుకుంటడు. ఒళ్లు నొప్పులకు ఊర్లె డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా అలవాటు.

ఫార్మసీ_పరకాల:
అక్కా, ఆ రెండు సంగతులూ రిఫరల్ చీటీ మీద రాయండి. టెల్మిసార్టన్, కోట్రైమోక్సజోల్ కలిస్తే పొటాషియం పెరుగుతది. మొదటి వారంలనే రక్తపరీక్ష కావాలె. డైక్లోఫెనాక్ అమికాసిన్‌తో కలిస్తే కిడ్నీకి దెబ్బ, ఎండాకాలం నీళ్లు తక్కువ తాగే మనిషికి ఇంకా తొందరగ. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఆడియోమెట్రీ (వినికిడి పరీక్ష), మధ్యల మళ్లీ. చెవుల హోరు, నడకల తూలుడు వస్తే అదే రోజు చెప్పమనండి, పోయిన వినికిడి తిరిగి రాదు. సల్ఫా మందుకు గతంల దద్దుర్లు వచ్చినయా అడగండి. నోట్ల పుండ్లు, ఒంటి మీద దద్దుర్లు కనబడితే గోలీ ఆపి అప్పుడే దవాఖానకు పోవాలె.

మైక్రో_హన్మకొండ:
ఇంకోటి, ఈ కేసుకు కాదు గానీ గుర్తుంచుకోండి. వానకాలం నాట్లప్పుడు, షుగర్ ఉన్న మనిషికి, జ్వరంతో గడ్డలు లేస్తే అది మైసిటోమా దారి కాదు, మెలియాయిడోసిస్ కావచ్చు. అదీ మట్టిదే, కానీ రోజుల్లో ప్రాణం మీదికి తెస్తది. చీము కల్చర్‌ల ‘సూడోమోనాస్’ అని వచ్చి, జెంటామైసిన్‌కు, కొలిస్టిన్‌కు రెసిస్టెంట్, ఆగ్మెంటిన్‌కు సెన్సిటివ్ అని ఉంటే ల్యాబ్‌కు ఫోన్ చేసి ‘బర్ఖోల్డేరియా సూడోమల్లై చూసిండ్రా’ అని అడగండి, మెలియాయిడోసిస్ తెచ్చే బ్యాక్టీరియా అదే.