‘సిండికేట్ అయ్యారు’కు తెలుగు మాట ఏది? ముఠా, కుమ్మక్కు, పైరవీల మీద చర్చ

కావలి నుంచి ప్రశ్న:
రైతు సంఘం, ముఠా కార్మిక సంఘం కలిసి వేస్తున్న కరపత్రం దిద్దుతున్నాను. అందులో “పొగాకు బయ్యర్లు సిండికేట్ అయ్యారు” అని ఒక వాక్యం. దానికి తెలుగు మాట పెట్టమంటున్నారు. ఇంకోచోట “ముఠా కార్మికుల రేట్లు సవరించాలి” అని ఉంది. ‘ముఠా’ అంటే దొంగల ముఠాలా వినిపిస్తుంది, తీసేసి ‘హమాలీలు’ అని పెట్టమని ఒకరి సలహా. రెండూ చెయ్యాల్సిన మార్పులేనా?

పొదిలి:
ముఠా జోలికి పోవద్దన్నా. అది వాళ్ల సంఘం బోర్డు మీద ఉన్న పేరు. హిందీలో ముట్ఠీ అంటే పిడికిలి, ముట్ఠా అంటే గుప్పిట పట్టినంత కట్ట. ఆ కట్టే మనుషుల జట్టుకు పేరైంది. రంప ఏజెన్సీలో (గోదావరి మన్యం) ఒకప్పుడు ముఠా అంటే కొన్ని ఊళ్ల రెవెన్యూ విభాగం, దాని మీద ముఠాదారు ఉండేవాడు. దొంగల ముఠా, పార్టీల్లో ముఠా తగాదాలు అనే వాడుక పత్రికల్లో బాగా పెరిగి పాత అర్థాన్ని కప్పేసింది. మార్కెట్ యార్డులో మాత్రం పాతదే నడుస్తోంది: ముఠా, దానికో మేస్త్రి, బస్తా లెక్కన వచ్చిన కూలిని పనిచేసినవాళ్లకు వాటాలు వెయ్యడం. హమాలీ తప్పు మాట కాదు, అరబ్బీ హమ్మాల్ (మోసేవాడు) నుంచి వచ్చింది. కానీ అది ఒక్క మనిషికి పేరు. ముఠా అంటే జట్టు. రేటు మాట్లాడేది జట్టు కాబట్టి ఇక్కడ ముఠాయే ఉండాలి.

ఇంకో సంగతి. ఆ రేట్ల ఒప్పందంలో ‘ఎగుమతి’, ‘దిగుమతి’ అని ఉంటాయి. ఎగుమతి అంటే లారీకి ఎత్తడం, దిగుమతి అంటే లారీ నుంచి దించడం. విదేశాలకు ఏమీ పోవడం లేదు. తెలియనివాళ్లు తర్జుమా చేస్తే అక్కడే దెబ్బ తింటారు. ‘బస్తాకు ఇంత’ అని వదిలెయ్యొద్దు, బరువు కూడా రాయండి. 50 కిలోల బస్తాకు కుదిరిన రేటుతో 75 కిలోలది మోయించబోతే అక్కడే పని ఆగుతుంది. ఎన్ని బస్తాల ఎత్తు దాకా పేర్చాలి, లారీ గోడౌన్ గుమ్మానికి ఎంత దూరంలో ఆగాలి అన్నవి కూడా అందులో ఉండాల్సినవే.

టంగుటూరు:
సిండికేట్ సంగతి. పొగాకు వేలంలో జరిగేది ఏందో చూస్తే మాట దొరుకుతుంది. బేళ్లు (పొగాకు మూటలు, మా వైపు చెక్కులనీ అంటారు) వరసలో ఉంటాయి. బయ్యర్లు తమలో తాము పోటీ పడితే ధర లేస్తుంది. ఈ గ్రేడు నీది, ఆ గ్రేడు నాది అని ముందే అనుకుంటే ఒక్కడు ధర పెడతాడు, మిగతావాళ్లు ఊరుకుంటారు. ఎవరూ ధర పెట్టకపోతే ‘నో బిడ్’. ధర నచ్చకపోతే రైతు ఇవ్వనని వెనక్కి తీసుకుపోవచ్చు. కానీ రానూపోనూ బాడుగ అతనిదే, ఇంట్లో పెడితే తేమ మారి రంగు, తూకం పోతాయి. పైగా బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) మీద అప్పు. అందుకే రెండోసారి తెచ్చినప్పుడు చెప్పిన రేటుకు ఇచ్చేస్తాడు. ఎవరూ ఎవర్నీ బెదిరించరు, ఎక్కడా కాగితం ఉండదు. ‘అయ్యారు’ అనే క్రియ ఇందుకే అతికింది. ఎవరు చేశారో చెప్పదు, అయిపోయిందని మాత్రం చెబుతుంది.

రొయ్యల దగ్గర ఈ కట్టు ఇంకా గట్టిగా బిగుస్తుంది. చెరువులో పట్టుబడి మొదలయ్యాక సరుకు ఆగదు కదా. కొనేవాళ్లు అప్పుడు రేటు దించితే రైతు చేసేదేమీ లేదు.

నెల్లూరు:
‘కుమ్మక్కయ్యారు’ అని రాద్దామనిపిస్తుంది గానీ ఇక్కడ నప్పదు. కుమ్మక్కు ఎక్కువగా ఎదుటి పక్షాల మధ్య జరిగేది. కాపలా ఉండాల్సినవాడు దొంగతో కలిస్తే, అధికారి కాంట్రాక్టరుతో కలిస్తే కుమ్మక్కు. బయ్యరూ బయ్యరూ ఒకే వరసవాళ్లు. తమాషా ఏందంటే ఆ మాట పుట్టుకలో చెడ్డది కాదు. కుమక్ తుర్కీ నుంచి పారసీకం, ఉర్దూ మీదుగా వచ్చింది. అర్థం సాయం, అందులోనూ యుద్ధంలో ఆదుకోడానికి పంపే అదనపు దండు. సాయం కాస్తా మన దగ్గరికొచ్చి లాలూచీ అయింది.

మీకు కావాల్సింది ‘కూడబలుక్కోవడం’. కూడ, పలుకు. “బయ్యర్లు కూడబలుక్కుని ధర దించారు.” చిన్నపిల్లలు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవడం వేరే వాడుక, గందరగోళం రాదు.

ఒంగోలు:
బాగుంది, కానీ సిండికేట్‌ను పూర్తిగా తీసెయ్యకండి. రైతు నోట్లో అదే ఉంది. 2011 చివర్లో మద్యం సిండికేట్ల మీద ఏసీబీ దాడులు జరిగాక తెలియనివాళ్లు లేరు. ఆ మాట ఇంగ్లీషుకు ఫ్రెంచి నుంచి వచ్చింది. ఫ్రాన్సులో ఈనాటికీ ‘సాందికా’ అంటే కార్మిక సంఘం! అక్కడ కూలీల సంఘానికున్న పేరు ఇక్కడ వ్యాపారుల కట్టుకు అంటుకుంది, ఇక్కడ కూలీల జట్టుకున్న ముఠా అనే పేరు దొంగలకు పోయింది.

చట్టం కూడా ఈ తేడా దగ్గరే చాలాకాలం తడబడింది. కూలి తగ్గిస్తే పనికి రాం అని పదిమంది అనుకోవడం, ఈ ధరకు మించి కొనం అని పదిమంది అనుకోవడం పైకి ఒకేలా కనిపిస్తాయి. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల గొడవలో యజమానులు సంఘం నాయకుల మీద హైకోర్టులో ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకున్నారు, కార్మికుల చేత ఒప్పందం తప్పించారని. నెల్లూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే. దాని తర్వాత వచ్చింది 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం. రిజిస్టరైన సంఘానికి 17వ సెక్షన్‌లో నేరపూరిత కుట్ర కేసు నుంచి, 18లో సివిల్ దావా నుంచి రక్షణ ఇచ్చారు. వ్యాపారాన్ని అడ్డుకునేలా ఉన్నంత మాత్రాన సభ్యుల ఒప్పందం చెల్లకుండా పోదని 19 చెప్పింది. వ్యాపారుల విషయంలో ఎదురు: 2002 పోటీ చట్టం 3వ సెక్షన్ ప్రకారం ధరలు కూడబలుక్కోవడం, వేలంలో పోటీ లేకుండా చేసుకోవడం నిషేధం. అందుకని కరపత్రంలో రెండింటికీ ఒకే మాట వాడొద్దు.

కావలి:
చాలా మంచిది. ఇంకో వాక్యం: “మంత్రి దగ్గర పైరవీ చేసి మార్క్‌ఫెడ్‌ను దింపాం.” ఇది 2020లో ప్రభుత్వం మార్క్‌ఫెడ్ (రాష్ట్ర సహకార మార్కెటింగ్ సమాఖ్య) చేత పొగాకు కొనిపించిన సంగతి.

నెల్లూరు:
పైరవీ తీసెయ్యండి సామీ. పారసీకంలో అది వెంట నడవడం, కోర్టులో వ్యాజ్యం వెంట తిరగడం. అంతవరకు మర్యాదే. ఇప్పుడు చాటుగా పని చేయించుకోవడం. కంపెనీలు చేస్తే లాబీయింగ్, కాంట్రాక్టరు చేస్తే పైరవీ, సంఘం చేస్తే వినతిపత్రం. పని ఒకటే అనుకోండి! పాఠ్యపుస్తకాల్లోని ‘ప్రభావ వర్గాలు’ (ప్రెషర్ గ్రూపులు) అని రాస్తే ఎవరికీ తగలదు. “ఒత్తిడి తెచ్చి దింపించాం” అనండి.

పొదిలి:
కరపత్రం కింద “సభ్యత్వం, ఎన్నికల నిధి కలిపి” అని ఉందా? ఉంటే విడగొట్టండి. రిజిస్టరైన సంఘం రాజకీయ ఖర్చుకు వేరే నిధి పెట్టుకోవాలి, సాధారణ నిధి ముట్టకూడదు. 1926 చట్టం 16వ సెక్షన్ చెప్పిందిది, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగింది. ఆ చందా ఇవ్వమని ఎవర్నీ బలవంతం చెయ్యకూడదు, ఇవ్వలేదని సభ్యుడి సౌకర్యాలు ఆపకూడదు. రసీదు పుస్తకాలు రెండు ఉండాలి. ‘సభ్యత్వ రుసుము’ ఒకదాని మీద, ‘రాజకీయ నిధి చందా’ ఇంకోదాని మీద.

ఒంగోలు:
చివర్లో “ఎన్జీఓలు మద్దతు తెలిపారు” అని కూడా చూశాను. మన రాష్ట్రంలో ఎన్జీఓ అంటే నాన్ గెజిటెడ్ ఉద్యోగి, స్వచ్ఛంద సంస్థ కాదు. బయటివాళ్లకూ పంపుతుంటే ‘నాన్ గెజిటెడ్ ఉద్యోగుల సంఘం’ అని పూర్తిగా రాయండి.

కావలి:
ఇట్టా మార్చాను: “బయ్యర్లు కూడబలుక్కుని (రైతులు సిండికేట్ అంటున్నది ఇదే) ధర దించారు. ముఠా కార్మికుల ఎగుమతి, దిగుమతి రేట్లు బస్తా బరువును బట్టి సవరించాలి.”

టంగుటూరు:
‘బయ్యర్లు’ అని ఊరకే అంటే అందరికీ తగులుతుంది, ‘కొందరు బయ్యర్లు’ అనండి. దాని పక్కనే గ్రేడు, తేదీ, ముందు వారం ధర, ఆ రోజు ధర, నో బిడ్ బేళ్లెన్నో వెయ్యండి. రైతుల చేతుల్లో ఉన్న అమ్మకం కాగితాల్లోంచే తియ్యండి, విన్న మాట రాయొద్దు.